యూనివర్సిటీ రీసెర్చ్‌కి నా సోషల్ మీడియా డేటా ఇచ్చా: ఏడు వారాల నా అనుభవం

"డేటా డొనేషన్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు రక్తదానమే గుర్తొచ్చింది. వెళ్లి పడుకుంటాం, తీసుకోవాల్సింది వాళ్లే తీసుకుంటారు, పావుగంటలో లేచి వచ్చేస్తాం, ఇంతే కదా అనుకున్నా. ఫిబ్రవరి 3న మొదలైన పని మార్చి 25కి గానీ తెమల్లేదు. ఎదురుచూపులన్నీ పక్కన పెట్టి నేను నిజంగా కూర్చుని చేసిన టైమే లెక్కేసుకుంటే తొమ్మిది గంటల పైనే. ఎవరైనా ఇలాంటి స్టడీకి ఊ అనే ముందు లోపల అసలు ఏం జరుగుతుందో తెలిస్తే మంచిదని ఇదంతా రాస్తున్నా.

ఫిబ్రవరి 3న ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి లింక్ పంపింది. ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆవిడ స్టడీ అది, రాత్రిపూట ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చూడటానికీ నిద్రకీ సంబంధం ఏంటి అని. వాళ్లు అడిగింది నా యూట్యూబ్‌లో గత 12 నెలల వాచ్ హిస్టరీ, సెర్చ్ హిస్టరీ, ఇంకా ఒక ఫోటోల యాప్ (పేరెందుకులే) నుంచి లైకులు, నాకు ఏ యాడ్స్ చూపించాలో వాళ్లు రాసుకున్న లిస్టు, మెసేజ్‌ల కౌంట్. మెసేజ్‌లు కాదు, కౌంట్ మాత్రమే. దీని తర్వాత రెండు వారాలు పొద్దున్నే లేచి నిద్ర ఎలా పట్టిందో ఫామ్ నింపాలి. చివర్లో చిన్న గిఫ్ట్ వోచర్ ఇస్తామన్నారు, దాన్ని తొమ్మిది గంటలతో భాగిస్తే నవ్వొస్తుంది కాబట్టి వోచర్ కోసమైతే ఎవరూ దిగకండి. నేను దిగింది వేరే కారణానికి. నాకు ఏడాదిగా సరిగ్గా నిద్ర లేదు, ఎవరో ఒకరు దాని గురించి సీరియస్‌గా అడుగుతున్నారనిపించింది, అంతే.

మా తమ్ముడికి చెప్తే ఇంతెత్తున లేచాడు. "అక్కా, నీకేమైనా పిచ్చా? కేంబ్రిడ్జ్ అనలిటికా మర్చిపోయావా? వాళ్లూ రీసెర్చ్ అనే మొదలుపెట్టారు" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్‌తో జనం డేటా లాగి ఎన్నికల ప్రచారాలకి వాడుకున్న కంపెనీ అది, 2018 మార్చిలో బయటపడింది కదా ఆ గోల, ఆ క్విజ్ యాప్ చేసింది ఒక యూనివర్సిటీ రీసెర్చరే. యాప్ పెట్టుకున్నవాళ్లు సుమారు 2,70,000 మంది ఐతే, వాళ్ల ఫ్రెండ్స్ వివరాలు కూడా లాగేయడంతో చివరికి 8.7 కోట్ల మంది దాకా తేలారని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. నేను ఊ అంటే పోయేది నా ఒక్కదాని సంగతేనా, ఇంకెంతమందివి పోతాయి అన్న అనుమానం అక్కడే పట్టుకుంది. ఐదు రోజులు లింక్ ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 8న ఆ స్టడీ చేసే ఆవిడతో ఒక కాల్. పదిహేను నిమిషాలు అనుకున్నది నలభై అయింది, ఆవిడ ఓపికకి దండం పెట్టాలి. నేను మొదట అడిగిందే "మీరు ఆ కంపెనీలనే అడగొచ్చు కదండీ, మా వెంట పడటం దేనికి?" అని. నవ్వేసి, "అడిగే దారులు ఒక్కోటీ మూసేస్తున్నారండి" అన్నారు. ట్విట్టర్ ఉచిత ఏపీఐ (బయటివాళ్లు ప్రోగ్రామ్‌తో పోస్టులు తీసుకునే దారి) ఎత్తేస్తున్నామని 2023 ఫిబ్రవరిలో చెప్పింది, ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్ల క్రౌడ్‌టాంగిల్ (ఏ పోస్టు ఎంతమందికి పాకిందో చూపించే టూల్) 2024 ఆగస్టు 14న ఆగిపోయింది. అవి ఉన్నా వాటిలో దొరికేది అందరికీ కనిపించే పోస్టుల సంగతే, ఒక మనిషి రాత్రి ఒంటిగంటకి ఏం చూస్తూ కూర్చుందో వాటిలో ఎక్కడుంటుంది అన్నారు. అది ఆ మనిషి దగ్గరే ఉంటుంది. 2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా చట్టం వచ్చాక ఎవరి డేటా కాపీ వాళ్లు అడిగితే కంపెనీ ఇచ్చి తీరాలి కాబట్టి, ఇప్పుడు దాదాపు ప్రతి యాప్‌లో ఎక్కడో లోపల ఒక డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది, ఆ బటన్ మీదే ఇలాంటి స్టడీలన్నీ నడుస్తున్నాయట.

తమ్ముడి ప్రశ్న కూడా అడిగేశా. "అప్పుడు ఫ్రెండ్స్‌కి తెలియకుండా వాళ్లది తీసుకున్నారండి. ఇక్కడ మీ ఫైల్ మీ కంప్యూటర్ దాటదు. మా పేజీ మీ బ్రౌజర్లోనే దాన్ని విప్పి, మాకు కావాల్సినవి మాత్రం టేబుల్స్‌గా మీకు చూపిస్తుంది. మీరు చూసుకుని, వద్దనుకున్నవి తీసేసి, బటన్ నొక్కితే అప్పుడే మాకొచ్చేది" అన్నారు. వినడానికి బాగానే ఉంది. నమ్మానా అంటే సగం.

ఫిబ్రవరి 9న అంగీకార పత్రం వచ్చింది, ఆరు పేజీలు. మామూలుగా ఐతే కిందకి లాగి టిక్ కొట్టే మనిషినే నేను, ఈసారి ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని చదివా. మూడు చోట్ల గీత గీసుకున్నా. ఒకటి, నా పేరు బదులు ఒక కోడ్ ఉంటుంది, ఏ కోడ్ ఎవరిదో చెప్పే లిస్టు విడిగా వేరే చోట ఉంటుంది, మార్చి 31న దాన్ని చెరిపేస్తారు. అది చెరిపేశాక నేను వెళ్లి "నాది తీసేయండి" అన్నా తీయలేరు, ఎందుకంటే ఏది నాదో వాళ్లకే తెలీదు. ఈ ఒక్క లైను కోసమైనా ఆ ఆరు పేజీలు చదవాలి, ఆ తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలి. నేను పెట్టుకున్నా కాబట్టే తర్వాత బతికిపోయా. రెండోది, డేటా పదేళ్లు దాచిపెడతారు. మూడోది, వేరే యూనివర్సిటీల వాళ్లకి కూడా ఇవ్వచ్చా అని విడిగా ఒక బాక్సు. అది వద్దంటే స్టడీ నుంచే తీసేస్తారేమో అనుకున్నా, అలా ఏం లేదు, "వద్దు" అన్నా సరేనన్నారు.

వద్దనడానికి కారణం ఉంది. పేరు తీసేసి నంబర్ పెడితే ఇంకేం భయం అనుకుంటాం కదా, 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ అలాగే అనుకుని సుమారు 6.5 లక్షల మంది సెర్చ్‌లు రీసెర్చర్లకి పనికొస్తాయని బయట పెట్టేసింది. పేర్లు లేవు, నంబర్లే. ఐదారు రోజులు తిరక్కుండానే పేపర్ వాళ్లు ఒక నంబర్ వెనకున్న పెద్దావిడ ఎవరో పట్టేసుకున్నారు. ఆవిడ వెతికిన మాటలే ఆవిడ ఊరూ ఇంటిపేరూ పట్టించేశాయి.

సరే, ఆ రాత్రే రెండు చోట్లా రిక్వెస్ట్ పెట్టా. ఇక్కడి నుంచి నా తెలివితక్కువతనం మొదలు.

ఫోటోల యాప్‌లో "అన్నీ, మొదటి నుంచి, హై క్వాలిటీ" అని టిక్ చేసి పంపేశా. ఎందుకంటే ఎలాగూ తీస్తున్నాం కదా ఫోటోలన్నీ ఒకేసారి బ్యాకప్ ఐపోతాయని ఆశ. రెండు రోజులు ఏం లేదు. ఫిబ్రవరి 11న మెయిల్ వచ్చింది, మొత్తం నాలుగు ముక్కలు, కలిపి 11 జీబీ పైన. ఆ రోజు ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదటి ముక్క దింపేసరికే నెట్ ఐపోయింది, మిగతావి తీరిగ్గా చూద్దాంలే అని వదిలేశా. 16న తీరిక దొరికి లింక్ నొక్కితే గడువు ఐపోయింది అంటోంది. నాలుగు రోజులే ఉంటుందట ఆ లింక్. మెయిల్లోనే రాసి ఉంది, నేనే చదవలేదు. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఫోటోలు వీడియోలు వద్దు, గత ఏడాది మాత్రమే, స్టడీకి కావాల్సిన విభాగాలే టిక్ చేసి అడిగితే నలభై నిమిషాల్లో వచ్చింది, సైజు చూస్తే 19 ఎంబీ. ఈ 19 ఎంబీ కోసమా వారం పోగొట్టుకున్నా అనిపించి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

యూట్యూబ్‌ది గూగుల్ టేక్‌అవుట్ (గూగుల్ దగ్గరున్న మన డేటా దింపుకునే పేజీ) నుంచి తీయాలి. అక్కడ మొదట అన్ని సర్వీసులూ టిక్ అయ్యే ఉంటాయి, అన్నీ తీసేసి యూట్యూబ్ ఒక్కటే ఉంచి, మళ్లీ దాని లోపలికెళ్లి హిస్టరీ ఒక్కటే ఉంచాలి, లేకపోతే మనం ఎప్పుడో అప్‌లోడ్ చేసిన వీడియోలు కూడా వచ్చేస్తాయి. ఇదంతా చక్కగా చేశా. చేయనిది ఒకటే, ఫార్మాట్ మార్చలేదు. హిస్టరీ మామూలుగా హెచ్‌టీఎంఎల్‌లో, అంటే మనం బ్రౌజర్లో చదువుకునే పేజీలా వస్తుంది, స్టడీ వాళ్లకి కావాల్సింది జేసన్, అంటే ప్రోగ్రామ్‌లు తేలిగ్గా చదివే ఫైల్. 16 సాయంత్రం ఉత్సాహంగా ఫైల్ పెడితే "ఈ ఫైల్‌ను గుర్తించలేకపోయాం" అని ఎర్రగా వచ్చింది. తప్పు నాదా పేజీదా అర్థం కాక నాలుగుసార్లు పెట్టా, బ్రౌజర్ మార్చా, ఇంకో కంప్యూటర్ తెచ్చా. చివరికి వాళ్లు ఇచ్చిన సూచనల కాగితంలో ఐదో స్టెప్పు, లావు అక్షరాల్లో, "జేసన్ ఎంచుకోండి". మళ్లీ అడిగితే పది నిమిషాల్లో వచ్చేసింది.

17 రాత్రి ఇచ్చే ముందు అసలు లోపల ఏముందో చూద్దామని దింపిన జిప్ ఫైల్ విప్పా. ఎక్కువమంది ఈ పని చేయరట, తిన్నగా జిప్‌ని పేజీలో పడేస్తారట. నేనైతే విప్పి చూడమనే అంటా, చూస్తే మాత్రం ఆ రాత్రి నిద్ర ఉండదు, నిద్ర మీద స్టడీకి ఇదేం కర్మో.

ఫోటోల యాప్ ఫోల్డర్లో టైములన్నీ పది అంకెల నంబర్లు, అన్నీ 1తో మొదలు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్కట. మెసేజ్‌ల ఫోల్డర్ తెరిస్తే మనుషుల పేర్లతో వరసగా చిన్న ఫోల్డర్లు. మొన్న తెలివిగా విభాగాలు ఏరి తీసుకున్నా అనుకున్నా గానీ, కౌంట్ కావాలంటే మెసేజ్‌లు మొత్తం రావాల్సిందే, "కౌంట్ మాత్రమే" అని విడిగా దొరకదు. అంటే నా కంప్యూటర్లో ఇప్పుడు నాతో మాట్లాడిన ప్రతి ఒక్కళ్ల మాటలూ ఒక ఫైల్లో పడి ఉన్నాయి.

నా కాలేజీ ఫ్రెండ్ ఫోల్డర్ తెరిచా. ఇంగ్లీష్‌లో కొట్టినవి బానే ఉన్నాయి. తెలుగులో కొట్టినవన్నీ పిచ్చి గీతలు. నెత్తి మీద ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీష్ ఏ, పక్కన డిగ్రీ సున్నా, పక్కన ఇంకేదో గుర్తు, మళ్లీ గీత ఉన్న ఏ, ఈసారి ప్లస్ మైనస్ గుర్తు, ఇలా లైన్లకి లైన్లు. ఫైల్ పాడైపోయిందేమో, మళ్లీ ఇంకో వారమా అని గుండె జారిపోయింది. తమ్ముడికి ఫొటో తీసి పంపితే అరగంటకి ఫోన్ చేశాడు. "పాడవలేదక్కా. తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటర్లో మూడు బైట్లు, అంటే మూడు ముక్కలు. ఆ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా చదవాల్సింది పోయి, మూడు వేరే వేరే అక్షరాలనుకుని రాసేసింది వాళ్ల ప్రోగ్రామ్. మొదటిది ఎప్పుడూ ఆ గీత ఉన్న ఏనే వస్తుంది చూడు" అన్నాడు. చూస్తే నిజమే, మూడింటికొకసారి అదే ఏ. రెండు లైన్ల కోడ్‌తో సరిచేయొచ్చు, పంపించనా అని కూడా అడిగాడు. వద్దన్నా. నిజం చెప్పాలంటే అవి చదవడానికి రాకపోవడమే నాకు హాయిగా అనిపించింది. ఆ మాటలు తను నాకు చెప్పినవి, ఫైల్లో ఉన్నాయి కదా అని కూర్చుని మళ్లీ చదువుకోవడం ఎందుకో దొంగతనంలా ఉంది.

కానీ ఆ ఫోల్డర్ చూశాక తనని అడక్కుండా ఇవ్వబుద్ధి కాలేదు. రూల్ ప్రకారం అడగక్కర్లేదు, కౌంట్‌లో పేర్లు ఉండవు. 19న ఫోన్ చేశా.

"నా పేరుంటుందా?" అంది.

"ఉండదే. ఒకటో నంబర్ మనిషి, రెండో నంబర్ మనిషి, అలా ఉంటుంది. ఎన్ని మెసేజ్‌లో, ఏ టైములోనో, అంతే."

"ఐతే నన్నడగడం దేనికే?"

"నువ్వు రాత్రి రెండింటికీ మూడింటికీ పెట్టినవి ఉన్నాయి కదా."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఏ నెలల సంగతో తనకీ తెలుసు, నాకూ తెలుసు. "టైము ఇచ్చుకో, పర్లేదు. ఎవరైనా అడిగితే ఆఫీసు పని అని చెప్పు" అంది. ఎవరూ అడగరని చెప్పా.

22 ఆదివారం కూర్చున్నా. పేజీ తెరుచుకున్నాక, ఆవిడ చెప్పింది నిజమో కాదో చూద్దామని వైఫై ఆపేసి, ఫోన్ డేటా కూడా ఆపి, అప్పుడు ఫైల్ ఎంచుకున్నా. చక్రం తిరిగింది, తిరిగింది, ఒక నిమిషానికి టేబుల్స్ వచ్చేశాయి. నెట్ లేకుండానే. అంటే నిజంగానే నా కంప్యూటర్లోనే విప్పుతోంది. మిగతా సగం నమ్మకం అప్పుడు కుదిరింది. ఇలాంటి పేజీ ఎదురైతే మీరూ ఇది చేసి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

వాచ్ హిస్టరీ టేబుల్లో 9,412 వరుసలు. ఏడాదికి. పైన వెతకడానికి ఒక బాక్సు, ప్రతి వరుస పక్కన టిక్ పెట్టి డిలీట్ చేసుకోవచ్చు. అరగంట పని అనుకున్నా, మూడున్నర గంటలు పట్టింది, లేచి రెండుసార్లు మొహం కడుక్కున్నా.

మొదట తెలిసిందేంటంటే ఆ లిస్టుకి ఏమీ తెలీదు. వీడియో ఎంతసేపు చూశామో ఉండదు, మొదలైన టైమే ఉంటుంది. రెండు సెకన్లకే వేలితో తోసేసిందీ ఒక వరుసే, గంటసేపు చూసిందీ ఒక వరుసే. మధ్యలో వచ్చిన యాడ్స్ కూడా నేను "చూసిన" వీడియోల్లోనే లెక్క. టైములు యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకి వాడే టైము, ఇండియా టైముకి ఐదున్నర గంటలు వెనక) ఉంటాయి, నేను అర్ధరాత్రి దాటాక చూసినవన్నీ ఆ లిస్టులో ఇంకేదో వేళలో ఉన్నాయి, నేనేదో ఎనిమిదింటికే ముసుగు తన్ని పడుకునే బుద్ధిమంతురాల్నన్నట్టు. ఈ సంగతి వాళ్లకి తెలుసులెండి, చివర్లో మీరుండేది ఏ టైమ్ జోన్ అని అడుగుతారు.

రెండోది, పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా వరసగా కార్టూన్లు. వందల్లో. నాకు కాసేపు అర్థం కాలేదు, తర్వాత గుర్తొచ్చింది, మా అక్క కొడుకు. సెలవులకొచ్చి ఉన్నన్నాళ్లూ పాలు తాగాలంటే ఫోన్ చేతిలో పెట్టాల్సిందే. వాడికి నాలుగేళ్లు, వాడినేం అంగీకారం అడుగుతా. "కార్టూన్" అని వెతికితే కొన్నే వచ్చాయి, మిగతావి పేర్లు చూసి ఒక్కోటీ ఏరా. వాడివే 204 వరుసలు.

ఇక సెర్చ్ హిస్టరీ. పోయిన ఆగస్టులో నాన్నకి గుండె వాల్వ్ ఆపరేషన్ అయింది. ఆ మూడు వారాలూ రాత్రిళ్లు ఆసుపత్రిలో నేనే ఉన్నా. ఆ రాత్రిళ్లు నేను వెతికినవన్నీ వరసగా టైముతో సహా ఉన్నాయి. "ఆక్సిజన్ 91 ఉంటే ప్రమాదమా" మూడుసార్లు, పదకొండు నిమిషాల తేడాలో. "ఆపరేషన్ తర్వాత నాన్న గుర్తుపట్టడం లేదు" అని ఒకటి, ఏదో మనిషికి చెప్పుకున్నట్టు కొట్టేశా. ఇంకొన్ని ఇక్కడ రాయను. నాన్న ఇప్పుడు బానే ఉన్నారు, ఈ పాటికి టీవీ రిమోట్ కోసం గొడవపడుతూ ఉంటారు, కానీ ఆ టేబుల్ ముందు కూర్చుంటే నాకు మళ్లీ ఆ కుర్చీ, ఆ మానిటర్ చప్పుడు. అవి కొట్టింది నేనే, ఒళ్లు మాత్రం ఆయనది. ఆయన రక్తంలో ఏముందో, ఆయన ఏం మర్చిపోయారో, అవన్నీ ఆయన సంగతులు. 61 వరుసలు తీసేశా.

తీయనివి కొన్ని ఉన్నాయి. అవే రాత్రిళ్లు, రెండుకీ నాలుగుకీ మధ్య, వాచ్ హిస్టరీలో తివాచీలు కడిగే వీడియోలు. బురద పట్టి నల్లగా ఐపోయిన తివాచీ, నీళ్లు కొడతారు, బ్రష్‌తో రుద్దుతారు, చివరికి లోపలి ఎర్రరంగు పువ్వులు బయటికొస్తాయి. ఒకటి కాదు, ఒక్క రాత్రిలో ఇరవై మూడు. అవి చూసినట్టు నాకు ఇప్పటికీ గుర్తు లేదు, ఒట్టు. ఆ లిస్టు చూసేదాకా ఆ రాత్రిళ్లు నేను మెలకువగా కూర్చుని ప్రార్థన చేశాననో, లేకపోతే కునుకు తీశాననో అనుకుంటున్నా. టేబుల్లో ఆసుపత్రి లేదు, నాన్న లేరు, టైము, వీడియో పేరు, అంతే. చదివేవాళ్లకి ఎవరో తివాచీల పిచ్చిది అనిపిస్తుంది. అవి మాత్రం నావి. ఉంచేశా.

మెసేజ్‌ల టేబుల్ చిన్నది. ఒకటో నంబర్ మనిషి దగ్గర 4,106. ఎవరో చెప్పక్కర్లేదు కదా. యాడ్స్ లిస్టులో నాకు చేపల వేట, ఇళ్ల లోన్లు, పెళ్లి బట్టలు ఇష్టమని ఉంది, నేను ఈ మూడింటి జోలికీ పోయిన మనిషిని కాదు, అది ఒక్క అక్షరం ముట్టుకోకుండా ఇచ్చేశా, చూసి నవ్వుకోనీ.

డిలీట్ చేశాక "ఎందుకు తీసేశారో చెప్పాలనుకుంటే చెప్పండి" అని ఖాళీ బాక్సు. తప్పనిసరి కాదు. "ఇవి నావి కావు" అని రాశా. తర్వాత పిల్లాడి సంగతి మాత్రం వివరంగా చేర్చా, ఫోన్ ఇద్దరు వాడారని తెలియకపోతే లెక్క తప్పుతుంది కదా అని. వైఫై ఆన్ చేసి బటన్ నొక్కితే నాలుగు సెకన్లు. "ధన్యవాదాలు" అని వచ్చింది. మూడు వారాల తంటా నాలుగు సెకన్లలో వెళ్లిపోయింది.

23 నుంచి మార్చి 8 దాకా స్లీప్ డైరీ, రోజూ రెండు నిమిషాలు, దాని గురించి చెప్పేదేం లేదు, రెండు రోజులు మర్చిపోయా. మార్చి 12న వోచర్ వచ్చింది. దానికి ఈమెయిల్ ఇవ్వాల్సిన ఫామ్ పూర్తిగా వేరే పెట్టారు, డేటాతో కలవకుండా, అది నచ్చింది.

అంతా ఐపోయింది అనుకున్నా. మార్చి 20 రాత్రి, యథాప్రకారం నిద్ర లేదు, పైకప్పు చూస్తూ పడుకున్నదాన్ని ఉలిక్కిపడి లేచా. సెర్చ్‌లు తీసేశా సరే, ఆ సెర్చ్‌ల నుంచి నొక్కి చూసిన వీడియోల సంగతి? "వాల్వ్ ఆపరేషన్ తర్వాత మొదటి వారం" లాంటి పేర్లు, అవన్నీ వాచ్ హిస్టరీలో ఉన్నాయి. నేను ఆ టేబుల్లో పిల్లాడి కార్టూన్లు ఏరుతూ, తివాచీల దగ్గర ఆగిపోయి, వాటి పక్కనే ఉన్న వరుసలు చూడలేదు. జిప్ మళ్లీ తెరిచి చూస్తే ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి. ఒకచోట తీసేస్తే పోయిందనుకున్నది ఇంకోచోట నిక్షేపంగా కూర్చునుంది.

ఆ రాత్రే నా కోడ్ వేసి మెయిల్ పెట్టా. పది రోజులకి పైగా గడువు ఉంది కాబట్టి సరిపోయింది. 23న జవాబు, "తప్పకుండా తీసేస్తామండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో చెబితే మొత్తం తీసేయొచ్చు, లేదా వీడియో పేర్లలో ఉండే మాటలు చెప్పినా వాటిని వెతికి తీస్తాం. తీసేముందు ఆ వరుసలు మేం చదవం, ప్రోగ్రామే తీసేస్తుంది" అని.

తేదీలు చెబితే తేలిక, మూడు వారాలు శుభ్రంగా పోతాయి. తివాచీలు కూడా పోతాయి. నిద్ర మీద స్టడీ చేసేవాళ్లకి నా ఏడాది మొత్తంలో పనికొచ్చే రాత్రిళ్లు ఏవైనా ఉంటే అవేనని నాకు తెలుసు, ఆవిడ మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఒక రోజంతా ఆలోచించా. చివరికి జిప్ ముందేసుకుని, నేను చూసిన వీడియోల పేర్లలోంచి మాటలు ఏరి రాసిచ్చా. గుండె, వాల్వ్, ఆపరేషన్, ఆక్సిజన్, ఐసీయూ, జ్ఞాపకశక్తి, ఇంగ్లీష్ స్పెల్లింగులతో సహా. మార్చి 25న ఒక్క లైను మెయిల్ వచ్చింది, "17 వరుసలు తీసేశాం, మిగతావి అలాగే ఉన్నాయి."

నేను లెక్కపెట్టుకున్నవీ 17.

ఆ సాయంత్రం జిప్ ఫైళ్లు కూడా తీసేశా, డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి. మొదటిసారి దింపి వదిలేసిన ఆ పెద్ద ముక్క కూడా అక్కడే పడి ఉంది, 3 జీబీ. మన డౌన్‌లోడ్స్ ఫోల్డర్ దానంతటదే క్లౌడ్‌కి బ్యాకప్ అవుతుంటే అక్కడ ఇంకో కాపీ ఉంటుంది, అదీ చూసుకోండి, నాది ఉంది. అక్కడి ట్రాష్‌లో కూడా.